పౌడరు డబ్బా తూకం

పాపకు ఐదో నెలలో దగ్గు మొదలైంది. సరిగ్గా ఆ వారమే ఆఫీసులో టీ తాగుతూ, పసిపిల్లలకు పౌడరు వేయడం గురించి ఒక పత్రికలో వ్యాసం చదివాను. టాల్కం పౌడరు రేణువులు చాలా సన్నగా ఉంటాయనీ, చల్లినప్పుడు గాలిలో లేచి పిల్లల ఊపిరితిత్తుల్లోకి వెళ్ళగలవనీ, అందుకే డాక్టర్లు వద్దంటున్నారనీ రాశారు. టాల్క్ ఖనిజం దొరికే నేలలో ఒక్కోచోట క్యాన్సర్ తెచ్చే ఆస్బెస్టాస్ కూడా ఉంటుందనీ, సరిగ్గా పరీక్షించకపోతే అది కలిసే ప్రమాదం ఉందనీ ఇంకో పేరా. ఆ పేరా రెండుసార్లు చదివాను. టీ చల్లారిపోయింది.

ఇంకొకరైతే ఇంటికి వెళ్ళి డబ్బా చెత్తబుట్టలో పడేసేవారు. నాకది అంత తేలిక కాదు. పాపకు పౌడరు వేసేది మా నాన్న.

నాన్న నలభై ఏళ్ళుగా సెలూన్ నడుపుతున్నాడు. గడ్డం గీయడం అయ్యాక మెడ మీద పఫ్‌తో రెండు దెబ్బలు వేసి, మిగిలిన పొడిని ఉఫ్ అని ఊదితే ఆయన పని పూర్తయినట్టు. ఆ ఉఫ్ పడందే కుర్చీలోంచి లేవని మనుషులు కూడా ఉన్నారు. రోజూ పొద్దున్న సెలూన్ తెరవబోయే ముందు, స్నానం చేసిన పాపను ఒళ్ళో పడుకోబెట్టుకుని అదే పని చేస్తాడు. గడ్డం కింద రెండు దెబ్బలు, ఒక ఉఫ్. పాప బోసినోరు తెరిచి నవ్వుతుంది. అమ్మ పోయాక ఎవరితోనూ పెద్దగా మాట్లాడని మనిషి, ఆ పది నిమిషాలూ దానితో ఆపకుండా కబుర్లు చెబుతాడు. ఆ చేతిలోంచి పఫ్ లాక్కోవడం ఎలాగో నాకు తోచలేదు.

పత్రిక ఇంటికి తెచ్చి వ్యాసం మా ఆవిడకు చూపించాను. చదివి వెంటనే మామయ్యకు చెప్పేయమంది. నలభై ఏళ్ళ చేతిని తప్పు అనడానికి ముందు రుజువు కావాలన్నాను. రోజుకు ఎంత పౌడరు వాడుతున్నాడో, అందులో ఎంత గాలిలోకి పోతోందో తెలిస్తే మర్యాదగా చెప్పవచ్చని నా ఉద్దేశం.

"ఆయన మీ నాన్నండీ, నీళ్ళ శాంపిల్ కాదు," అంది.

నేను నీళ్ళను పరీక్షించే ల్యాబ్‌లో పని చేస్తాను. మా వంశంలో డిగ్రీ మొహం చూసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఏదైనా తేల్చుకోవాలంటే నాకు తెలిసిన దారి అదొక్కటే, కొలవడం. మా ఆవిడ రెండు రోజులు గడువు ఇచ్చింది. అది దాటితే తనే చెప్పేస్తానంది.

వంటింట్లో ఉన్న చిన్న కాటా మీద డబ్బా పెట్టి తూచాను. రెండు వందల పన్నెండు గ్రాములు. మర్నాడు పొద్దున్న నాన్న పౌడరు వేసి వెళ్ళగానే మళ్ళీ తూచాను. రెండు వందల పన్నెండు. ఆ మర్నాడూ అంతే. కాటా పాడైందనుకుని సంచిలో పెట్టుకుని ల్యాబ్‌కు తీసుకెళ్ళి, అక్కడి ప్రమాణపు రాళ్ళతో సరిచూశాను. ఇంట్లో బంగారం ఏమైనా తూస్తున్నావా అని పక్క టేబులాయన అడిగాడు. కాటా తప్పు లేదు.

సాయంత్రానికి ఒక సిద్ధాంతం తయారు చేసుకున్నాను. స్నానాల గది పక్కనే డబ్బా ఉంటుంది కాబట్టి, తీసినంత పౌడరుకు సమానమైన బరువు తేమ రూపంలో వచ్చి చేరుతోందేమో. ఇది వివరిస్తుంటే మా ఆవిడ నా నుదుటి మీద చెయ్యి వేసి చూసింది.

"జ్వరం లేదు. మరి ఒక్కమాట మామయ్యని అడిగితే పోయేదానికి ఎందుకండీ ఇదంతా?"

అడిగేలోపే పాప దగ్గు ఎక్కువైంది. మర్నాడు పొద్దున్న పాలు తాగుతూ రెండుసార్లు ఆపేసింది. ముక్కులోంచి గురగుర శబ్దం. ఆ శబ్దం వింటుంటే కాటాతో నేను ఆడిన ఆట గుర్తొచ్చి నా మీద నాకే అసహ్యం వేసింది. తేలాల్సింది ఎన్ని గ్రాములన్నది కాదు, పిల్ల ఊపిరి. క్లినిక్‌కు బయల్దేరాం. నాన్న సెలూన్ తెరవకుండా మాతో వచ్చాడు.

డాక్టరమ్మ పాప ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టకముందే నేను అంతా చెప్పేశాను. పౌడరు, వ్యాసం, ఆస్బెస్టాస్, మూడు రోజుల ఆలస్యం. నాన్న వైపు చూడలేదు. ఆవిడ ఓపిగ్గా విని, రోజూ వేస్తారా, మొహానికి దగ్గరగానా అని అడిగింది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "వేయడం లేదండీ. ఇరవై రోజులైంది మానేసి."

"మరి రోజూ పొద్దున్న మీరు..." అంది మా ఆవిడ.

"ఉత్త పఫ్ అమ్మాయ్. సబ్బుతో ఉతికి ఎండబెట్టింది. పాపకు కావలసింది ఆ రెండు దెబ్బలు, పౌడరు కాదు."

ఒకరోజు సెలూన్‌లో కిటికీ ఎండ అద్దం మీద పడిందట. ఊదిన పౌడరు ఆ ఎండలో, తరువాతి మనిషి వచ్చి కూర్చునేదాకా అలాగే తేలుతూ కనిపించిందట. అంత గదిలోనే ఇలా ఉంటే ఒళ్ళో పిల్ల ముక్కు సంగతేమిటనిపించి, ఆ మర్నాటి నుంచీ పాప డబ్బా మూత తీయలేదట.

"మరి నాకు చెప్పలేదేం నాన్నా?"

"డబ్బా తెచ్చింది నువ్వు. దాని మీదున్న అక్షరాలన్నీ చదివి మరీ తెచ్చావు. సైన్సు చదివినవాడికి నేను చెప్పడమేంట్రా, చిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నా."

డాక్టరమ్మ నవ్వు ఆపుకుంటూ పాప ఛాతీకి ముందూ వెనకా స్టెతస్కోపు పెట్టి శ్రద్ధగా విన్నది. ముక్కూ గొంతూ చూసింది.

"ఛాతీ శుభ్రంగా ఉంది. ఇది జలుబు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?"

సరిగ్గా అప్పుడే నాకు తుమ్ము వచ్చింది. ముగ్గురూ నా వైపు తిరిగారు.

ముక్కులో వేసే చుక్కల మందు రాసిచ్చింది. ఆయాసపడినా, పాలు మానేసినా వెంటనే తీసుకురమ్మంది. పౌడరు మానడం మంచి పనేననీ, మెడ ముడతలూ తొడలూ మెత్తటి గుడ్డతో తడి లేకుండా అద్దితే చాలనీ చెప్పింది. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను. మా ఆవిడ పక్కన కూర్చుని, తూకాల కథంతా మామయ్యకు అప్పజెప్పేసింది. తేమ సిద్ధాంతం కూడా వదల్లేదు. నాన్న మెట్ల కమ్మీ పట్టుకుని, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో.

ఇంటికి పోయేముందు సెలూన్ దగ్గర ఆగాం. నాన్న పాపతో కుర్చీలో కూర్చుని, డాక్టరమ్మకు చూపిద్దామని నేను వెంట తెచ్చిన ఆ వ్యాసం చదవమన్నాడు. నాకు నచ్చిన ముక్కలు కాదు, మొదటి నుంచీ. చదివాను. రోజూ ఆ పొడి మధ్య పని చేసేవాళ్ళ గురించి ఉన్న వాక్యం దగ్గర ఆపి, మళ్ళీ చదివించుకున్నాడు. అద్దం ముందున్న డబ్బాల వైపు కాసేపు చూశాడు.

"రేపట్నుంచి అందరికీ తడిగుడ్డే," అన్నాడు. "ఎవరైనా ఉఫ్ కావాలంటే నీ దగ్గరికి పంపిస్తా, నువ్వే నచ్చజెప్పుకో."

పాప తుమ్మింది. తువ్వాలు కొసతో దాని ముక్కు తుడిచి, నాన్న నాకు తల ఊపాడు, తరువాతి పేరా చదవమని.