రంగు గుండు

భర్త చొక్కా ఉతకబోతూ ఆమె ఆగిపోయింది. సరిగ్గా గుండె మీద నీలిరంగు మరక. పోలీసులకు శిక్షణ ఇచ్చే ఆయన ఈ రోజు ఆఖరి పరీక్షలో బందీ వేషం వేశాడు. అక్కడ పేల్చేవి ప్రాణం తీయని రంగు గుండ్లు. తగిలితే చుర్రుమని మరక పడుతుంది.

“ఎవరు పేల్చారు?”

“ఇంకెవరు, నీ ముద్దుల తమ్ముడు. జేబులోంచి కళ్లజోడు తీస్తున్నాను. చేతిలో ఏముందో చూడకుండానే కాల్చేశాడు.”

వాణ్ణి పాస్ చేస్తే సోమవారం నుంచి నిజం గుండ్లతో డ్యూటీ. ఎలాగోలా గట్టెక్కించమని పొద్దున ఆయన్ను బతిమాలింది తనే.

“కంగారుపడి ఉంటాడు. తర్వాత ఏమన్నాడు?”

“నవ్వాడు. ‘నీలం నీకు బాగా నప్పింది బావా’ అన్నాడు.”

ఆమె చొక్కాను ఉతకకుండా పక్కన పెట్టింది.

“పాస్ చెయ్యకండి,” అంది. “అమ్మకు నేను చెప్పుకుంటాను.”