మా ఊరికి రాని చలికాలం

ఖియెమ్ మాస్టారు నలభై ఒక్క కాగితాల కట్టని బల్ల మీద పడేసి, కిటికీ బయటికి చూస్తూ అడిగారు.

"మన బెన్‌చె జిల్లాకి చలికాలం ఎప్పుడొస్తుందర్రా?"

బయట ఎండ మండిపోతోంది. ఫ్యాను ఆ వేడిగాలినే తిప్పి తిప్పి మా మొహాన కొడుతోంది. దేశానికి దక్షిణపు కొసన ఉన్న మాకు రెండే కాలాలు, ఎండా వానా. కొత్త సంవత్సరం టెట్ పండగ ముందు నాలుగు రోజులు తెల్లవారుజామున కాస్త చల్లగాలి వీస్తే మా పిన్ని 'అబ్బ, చలి' అని స్వెటర్ తీస్తుంది, అంతే.

"మరి మీ అమ్మలందరూ చలికాలపు ఈదురుగాలిలో, మంచు తుంపరలో కావడి భుజానేసుకుని బజారుకి ఎలా వెళ్ళారు? ఒకరా ఇద్దరా, ముప్ఫై ఎనిమిది మంది! అందరికీ తలలు నెరిసిపోయాయి. సెన్, లే. మీ అమ్మ జుట్టు నెరిసిందా?"

నా పక్కన కూర్చునే సెన్ బిక్కమొహం వేసుకుని లేచింది. "లేదు మాస్టారూ. మొన్ననే ఎర్రరంగు వేయించుకుంది."

"కావడి మోస్తుందా?"

"మైకు మోస్తుంది మాస్టారూ!" అన్నారెవరో వెనక బెంచీలోంచి.

సెన్ వాళ్ళమ్మ సాయంత్రమైతే కరావోకే పెట్టి వీధంతా వినేలా పాడుతుంది. క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వు నోట్లో ఉండగానే నా పేరు పిలిచారు.

"లాయ్. మీ అమ్మ కూడా చలిలో వణికిందే..."

అనేసి ఆయనే ఆగిపోయారు. క్లాసూ ఆగిపోయింది. నాకు మూడేళ్ళప్పుడు మా అమ్మ పోయిందని బడి గేటు దగ్గర ఐసు అమ్మేవాడికి కూడా తెలుసు. చచ్చిపోయిన అమ్మని తెచ్చి, తల నెరిపించి, లేని చలిలో నడిపించాను నేను. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

తప్పంతా మాదే అనను. నమూనా వ్యాసాల పుస్తకం అందరి దగ్గరా ఉంటుంది. ఉత్తరాదిన అచ్చవుతుంది. అక్కడ చలికాలం ఉంటుంది కాబట్టి పుస్తకంలో అమ్మ వణుకుతుంది. 'మా అమ్మ' పదిహేడో పేజీ. కామాలతో సహా బట్టీపట్టి దించేశాం. ఏళ్ళ తరబడి అలాగే మార్కులు వచ్చాయి. ఈ ఏడు వచ్చిన ఖియెమ్ మాస్టారికే ఈ పట్టింపు.

ముప్ఫై ఎనిమిది సున్నాలు పెట్టారు. వాటిలో నాదొకటి. అసలే నావి అంతంత మాత్రం మార్కులు. ఇంకొక్క సున్నా పడితే సాహిత్యంలో సగటు నిలవదు, తొమ్మిదో తరగతి దాటను. దాటకపోతే ఎక్కడికి పోతానో నాకు తెలుసు. అమ్మ పోయాక నాన్న చేసుకున్న మా పిన్ని పని చేసే కొబ్బరి షెడ్డులో ఖాళీగా ఉన్న ముక్కాలిపీట మీదికి. నాకు ఆ పీట వద్దు.

"సోమవారానికి మళ్ళీ రాయండి," అన్నారు మాస్టారు. "ఒక్క పేజీ చాలు. ఏ కథ చదివినా మిమ్మల్ని వేయమన్న ప్రశ్న ఒకటుంది. ఏమిటది?"

"ఇది చెప్పేవాళ్ళకి ఎలా తెలుసు?" అని అందరం నీరసంగా పాడాం.

"మీరు రాసే ప్రతి వాక్యానికీ అదే వేసుకోండి. జవాబు లేని వాక్యం కొట్టేయండి. రాశాక అమ్మకి చదివి వినిపించి, కింద సంతకం పెట్టించుకు రండి. అబద్ధముంటే ఆవిడే పట్టుకుంటుంది."

గంట కొట్టాక నన్ను పక్కకి పిలిచారు. "నువ్వు నాన్న గురించి రాయమ్మా. ఫరవాలేదు."

నాన్న ఇసుక పడవ మీద పనిచేస్తాడు. రెండు నెలలకోసారి వచ్చి, రెండు రోజులు నిద్రపోయి వెళ్ళిపోతాడు. ఆయన నిద్ర గురించైతే రాయగలను. కానీ నాకు మండింది అందుకు కాదు. ఆ గొంతులో జాలికి.

"వద్దు మాస్టారూ. అందరూ రాసేదే నేనూ రాస్తాను."

"మరి సంతకం?"

"తెస్తాను."

ఎక్కడినుంచి తెస్తానో నాకే తెలియదు. అన్నాను గనక తేవాలి.

దారిలో సెన్ సైకిలు నా పక్కకి తెచ్చింది. "మీ పిన్నితో పెట్టించెయ్యవే. ఎలాగూ ఆవిడే కదా ఇప్పుడు."

"పిన్ని పిన్నే. అమ్మ అమ్మ."

"అబ్బో! అయితే పైలోకానికి పోస్టు చెయ్యి."

"నువ్వు ముందు మీ అమ్మకి కావడి కొనిపెట్టు, పో."

నవ్వుతూనే వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆరో తరగతి గుర్తొచ్చింది. ఆ ఏడు సవతి తల్లి కథ పాఠం చెబుతుంటే క్లాసంతా వెనక్కి తిరిగి నన్నే చూసింది. ఆ మధ్యాహ్నం ఇంటికెళ్ళి, అన్నం ముందు కూర్చుని, పిన్ని చేతులకేసి దొంగచూపులు చూశాను, ఏ క్షణాన విషం కలుపుతుందో అని. పిన్ని చేపలో ముళ్ళు ఏరి, ఆ ముక్క నా గిన్నెలో వేసి, "ఏంటే అలా చూస్తావు, తిను" అంది.

ఆదివారం పొద్దున్నే కాగితం ముందేసుకున్నాను. 'మా అమ్మ చాలా అందంగా ఉండేది.' ఎలా తెలుసు? గూట్లో పూజ దగ్గరున్న పటంలో చూశాను. ఆ పటంలో అమ్మ కళ్ళు చిట్లించుకుని ఉంది. కొట్టేశాను. 'మా అమ్మ నన్ను ఎంతో ప్రేమించేది.' ఎలా తెలుసు? తెలియదు. అదీ కొట్టేశాను. గంట గడిచేసరికి కాగితం నిండా గీతలే. ఒక్క వాక్యం మిగిలింది. 'మా అమ్మకి కాకరకాయ చారు ఇష్టం.'

ఇది నిజం. ప్రతి ఏటా అమ్మ తద్దినం రోజున పిన్ని కాకరకాయల్లో మాంసం కూరి చారు కాచి పటం ముందు పెడుతుంది. ఆ చేదు నాకు పడదని ఏటా గొడవే. "నీ కోసం కాదు, మీ అమ్మ కోసం. ఆవిడకి ఇష్టం" అంటుంది. పదేళ్ళుగా వింటున్నాను. ఇది ఆమెకి ఎలా తెలుసు అని ఒక్కసారీ అడగలేదు. నాన్నని అడిగి తెలుసుకుందనుకోవడానికి లేదు. ఆయనకి తన ఇష్టాలే గుర్తుండవు.

కాగితం మడిచి జేబులో పెట్టుకుని షెడ్డుకి వెళ్ళాను.

పిన్ని వరసలో చివర కూర్చుని ఉంది, వేళ్ళకి సైకిలు ట్యూబు ముక్కలు చుట్టుకుని. చిప్పలోంచి తీసిన కొబ్బరి గుండు ఎడమచేతిలో గిరగిరా తిరుగుతుంటే, కుడిచేతి కత్తి దాని మీది గోధుమరంగు పొరని రిబ్బనులా లాగేస్తోంది. కొబ్బరినీళ్ళు చేతుల తోలు తినేస్తాయి. ట్యూబు బయట కనిపించే ఆమె వేలిచివర్లు ఎప్పుడూ నీళ్ళలో నానినట్టే ఉంటాయి.

"ఏమే, ఆదివారం పూట చదువుకోమంటే ఇక్కడికొచ్చావు?"

"పిన్నీ, అమ్మకి కాకరకాయ చారు ఇష్టమని నీకెలా తెలుసు?"

కత్తి ఆగింది. "ఇదేం ప్రశ్న?"

"చెప్పు."

"ఎలా తెలియడమేంటి? రోజూ కలిసి తినేవాళ్ళం. నువ్వు కడుపులో ఉన్నప్పుడు రోజూ అదే తెచ్చేది, నాకు పెట్టి చంపేది." గడ్డంతో తన కుడిపక్కనున్న ఖాళీ పీట చూపించింది. "అదిగో, అక్కడ కూర్చునేది."

నేను చూసి భయపడే ఆ పీట మా అమ్మది.

"ఎప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వడిగితే కదా. పైగా ఆవిడ పోయాక ఆవిడ ఇంట్లోకే వచ్చినదాన్ని. నా అంతట నేను మొదలెడితే ఏం బావుంటుంది?" మళ్ళీ కత్తి ఆడించింది, కానీ మాట ఆగలేదు. "మొదట్లో మాకు పడేదే కాదు. మీ అమ్మది ఎడమచేతి వాటం. నాది కుడి. పక్కపక్కన కూర్చుంటే మోచేతులు ఢీ. రోజుకి పదిసార్లు తిట్టుకునేవాళ్ళం. పీటలు మార్చుకుంటే సరిపోయేది. ఇద్దరికీ ఆ బుద్ధి పుట్టలేదు."

నేను నా ఎడమచేతిని చూసుకున్నాను. నేను రాసేది ఎడమచేత్తోనే. ఒకటో తరగతిలో టీచరు ఆ చేతి మీద స్కేలుతో కొట్టి, పెన్సిలు కుడిచేతిలో పెట్టింది. మర్నాడు పిన్ని షెడ్డు బట్టలతోనే, ఆ వేలిపట్టీలతోనే బడికొచ్చి, వరండాలో నిలబడి, "దాని చేతి జోలికి వస్తే ఊరుకోను" అని బడంతా వినేలా అరిచింది. నేను సిగ్గుతో చచ్చిపోయాను. పిన్నికి నోరెక్కువ అనుకున్నాను. ఎనిమిదేళ్ళు అలాగే అనుకున్నాను.

అక్కడే గోనెల మీద కూర్చుని రాశాను. ఒక్క వాక్యం కూడా కొట్టేయాల్సిన పని పడలేదు. చారు రాశాను, మోచేతులు రాశాను, పీట రాశాను. బడి వరండా రాశాను. చేప ముళ్ళు రాశాను. పిన్ని నన్ను రెండుసార్లు కొట్టిందని కూడా రాశాను. పిన్నిని పిన్ని అనే రాశాను.

మధ్యాహ్నం అన్నాల వేళకి ఇంటికొచ్చాక, గూటి ముందు నిలబడి పిన్నికి చదివి వినిపించాను. ఆమె జాకెట్టు భుజానికి కళ్ళు తుడుచుకుంది.

"నిన్ను రెండుసార్లు కొట్టలేదు. ఒక్కసారే."

"రెండు. ఒకటి కాలవలో సైకిలు పడేసినందుకు. ఇంకోటి పడేయలేదని చెప్పినందుకు."

"అవును. రెండు."

"సంతకం పెట్టు." పెన్ను చాచాను.

ఆమె వెనక్కి జరిగింది. "మీ మాస్టారు ఎవరి సంతకం అన్నాడు?"

"అమ్మది."

"నేను పెట్టను."

"పిన్నీ!"

"ఆ చోటు ఆవిడది. ఈ ఇంట్లో ఆవిడ గిన్నెలు వాడాను, ఆవిడ మంచం మీద పడుకున్నాను. పేరు మాత్రం తీసుకోలేదు. అందుకే కదా నీ చేత పిన్ని అనిపించుకున్నది. ఇప్పుడు ఒక మార్కు కోసం తీసుకోమంటావా?"

"మార్కు కోసం కాదు."

అనేశాక అది నిజమని నాకే తెలిసింది. సున్నా పడినా ఫరవాలేదనిపించింది. కానీ ఈ పేజీ సంతకం లేకుండా పోతే మాత్రం ఒప్పుకోలేను.

"నువ్వు అమ్మవని పెట్టమనట్లేదు," అన్నాను. "ఇందులో రాసింది నిజమని పెట్టు. నిజమేనా కాదా?"

"నిజమే."

"ఇవి తెలిసినవాళ్ళు నువ్వు కాక ఇంకెవరైనా ఉన్నారా?"

ఆమె పటం కేసి చూసింది.

"అయితే పెట్టు. పెట్టేదాకా నేనిక్కణ్ణించి కదలను. అన్నం కూడా తినను."

"మొండిఘటం. అచ్చం ఆవిడే," అని లేచింది. చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కుంది. ఒక అగరొత్తి వెలిగించి పటం ముందు గుచ్చి, ఏదో గొణిగింది, అనుమతి అడిగినట్టు. తర్వాత కింద కూర్చుని, కాగితం మోకాలి మీద పెట్టుకుని, నాలుక కొసని పళ్ళ మధ్య నొక్కి, ఒక్కో అక్షరమే రాసింది. ముందు తన పేరు. దాని కింద ఇంకో రెండు మాటలు.

షెడ్డులో యజమాని ఊళ్ళో లేని రోజున మేస్త్రీ చీటీల మీద తన సంతకం పెట్టి, కింద 'యజమానికి బదులు' అని రాస్తాడు. ఆ ఆఫీసు మాట పిన్నికి అక్కడే తెలిసింది. దాన్నే తెచ్చి ఇక్కడ రాసింది. రాయడంలో చివరి అక్షరం తప్పింది.

'అమ్మకి బదుళు.'

సోమవారం ఖియెమ్ మాస్టారు నా కాగితం నిలబడే చదివారు. ఎర్ర పెన్నుతో నాలుగుచోట్ల నా అక్షరదోషాలు దిద్దారు. పైన పదికి ఏడు వేశారు. నా జన్మలో అంత రాలేదు. తర్వాత చూపు కిందికి దిగింది. అలవాటు ప్రకారం పెన్ను ఆ చివరి అక్షరం మీదికి వెళ్ళింది.

"అది దిద్దకండి మాస్టారూ," అన్నాను. గొంతు నేననుకున్నదాని కంటే పెద్దగా వచ్చింది. క్లాసంతా నావైపు తిరిగింది, ఆరో తరగతిలో తిరిగినట్టే. తిరిగితే తిరగనీ.

"తప్పుంది కదమ్మా."

"అక్షరం తప్పే మాస్టారూ. మాట తప్పు కాదు."

"నీకెలా తెలుసు?" అన్నారాయన, మెల్లగా.

"పదేళ్ళుగా ఆవిడ చేతి అన్నం తింటున్నాను."

మాస్టారు పెన్నుకి మూత పెట్టారు.