చిలకల మోడు కింద వంటావార్పు

అమెరికాలో, మెక్సికో సరిహద్దు ఊరు మెకాలెన్‌లో ఆ కాలనీ వాళ్లకు గడ్డి అంటే ప్రాణం. నీళ్లు పెట్టి పెంచుతారు, పెరిగినదాన్ని కోస్తారు, కోసినదానికి మళ్లీ నీళ్లు పెడతారు. మేసే గొడ్డు మాత్రం ఒక్కటీ లేదు. కూతురింటికి వచ్చిన వారంలోనే ధనమ్మ ఈ సంగతి కనిపెట్టి, వీళ్లకు పనిలేదని తేల్చేసింది.

ఆ ఇంటి ముందు ఆమెకు నచ్చింది ఒక్కటే. తల లేని పామ్ చెట్టు. కిందటేడు చలికి మొవ్వ మాడి చచ్చిపోయింది. ఇప్పుడది ఒట్టి మోడు. పైన వడ్రంగిపిట్ట తొలిచి వదిలేసిన తొర్రలో మార్చి నెలలో ఒక చిలకల జంట కాపురం పెట్టింది. మన చిలకలా పొడుగు తోక కాదు. బొద్దుగా, పొట్టి తోకతో, నుదురంతా కుంకుమ మెత్తినట్టు ఎర్రగా ఉంటుంది. గొంతు మాత్రం సంతలో బేరం తెగని మనిషి గొంతు.

వాటి కథ చెప్పింది పక్కింటి ఎల్మా. ఎప్పుడో మెక్సికో నుంచి వచ్చి స్థిరపడిన ముసలామె. ఆమెది స్పానిష్, ఈమెది తెలుగు. ఇద్దరికీ వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలతోనే పని జరిగిపోయింది. సరిహద్దు నది అవతల ఎల్మా పుట్టిన ఊళ్లో ఈ చిలకలు గుంపులు గుంపులుగా లేచేవట. అడవి నరికారు. పిల్లల్ని తొర్రల్లోంచి లాగి పంజరాలకు అమ్ముకున్నారు. ఇప్పుడు అక్కడ కొన్ని, ఈ సరిహద్దు ఊళ్లలో కొన్ని మిగిలాయి. ఇక్కడ వాటికి ఇల్లంటే ఎండిన పామ్ మోడే. మోడు పోతే గూడు పోయినట్టే.

ఆ రోజు నుంచి ధనమ్మ పొద్దునా సాయంత్రం వాకిట్లో కుర్చీ వేసుకుని తొర్రకు కాపలా కాసింది. తల్లి లోపలుంటే తండ్రి మేత తెచ్చేవాడు. మే నెలలో ఇద్దరూ తిరగడం మొదలుపెట్టారు. లోపల సన్నగా గురగుర వినిపించింది. పిల్లలు.

జూన్‌లో కాలనీ అసోసియేషన్ వాళ్లు తలుపు మీద నోటీసు అంటించారు. చచ్చిన చెట్టు కాలనీ అందాన్ని చెడగొడుతోంది, సోమవారం పొద్దున రంపం వాళ్లొస్తారు, ఖర్చు ఇంటివాళ్లదే.

"పోనీండి అత్తయ్యా," అన్నాడు అల్లుడు అనుదీప్ రాత్రి అన్నాల దగ్గర. గుంటూరు మనిషి. "అసలే ఇంటి ముందు మోడు మంచిది కాదంటారు."

"మోడుల పసిపిల్లలున్నయ్ అల్లుడా. ఇంటి ముంగట పురుడైతే మంచిది గాదా?"

"అది కాదండీ. మా గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉంది. ఇప్పుడు అసోసియేషన్‌తో ఇష్యూ ఎందుకని."

"చిలక నీకంటె ముందొచ్చింది. దాని కార్డు ఎవలన్న అడిగిండ్రా?"

కూతురు అలేఖ్య పళ్లెంలోకి తల వంచేసుకుంది. తల్లి సంగతి ఆమెకు తెలుసు. జగిత్యాలలో అంగన్‌వాడీ యూనియన్ నడిపి, కలెక్టర్ కారుకు అడ్డంగా పడుకున్న మనిషి. ఇక ఊరుకోదు.

మర్నాడు కూతుర్ని వెంటబెట్టుకుని ధనమ్మ అసోసియేషన్ ప్రెసిడెంట్ రాండల్ ఇంటికి పోయింది. ఆయన తలుపు సగమే తీశాడు.

"గూడు ఉందని ఎవరు చూశారు? నాకు చిలకల గోల మీద కంప్లైంట్లే వచ్చాయి," అన్నాడు. "కాలనీలో సగం ఇళ్లవాళ్లు వద్దంటే ఆపేస్తాను. ఒక్కరూ అనరు."

అలేఖ్య తెలుగులో చెప్పింది. ధనమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది. "సగం ఇండ్లు. మాటంటే మాటేనా అడుగు."

మాటే అన్నాడు.

"ఆదివారం వంటావార్పు," అంది ధనమ్మ కారెక్కుతూ. అంటే రోడ్డు మీదే పొయ్యి పెట్టి, వండి, అక్కడే తిని, ఎదుటివాడు దిగొచ్చేదాకా కదలకపోవడం. కిందటేడు తెలంగాణ ఉద్యమంలో జగిత్యాల నడిరోడ్డు మీద ఆమె గంటె తిప్పితే బస్సులు ఆగిపోయాయి.

"పోలీసులొస్తారు అత్తయ్యా," అన్నాడు అనుదీప్ ఇంట్లో ఆ మాట విని.

"రానీ. వాళ్లకు గూడ ఆకలైతది."

ఆదివారం నాలుగింటికి డ్రైవ్‌వేలో పొయ్యి వెలిగింది. గరాజ్‌లో పడి ఉన్న, టర్కీ కోడిని వేయించే గ్యాస్ పొయ్యి అది. దాని మీద బగారన్నం, పక్క పొయ్యి మీద కోడికూర. అలేఖ్య ఒక అట్టముక్క మీద ఇంగ్లీషులో, ఎల్మా స్పానిష్‌లో రాశారు: ఈ చెట్టు కొట్టొద్దు, పైన పిల్లలున్నారు.

మసాలా వాసన వీధి చివరిదాకా పోయింది. మొదట ఒక పికప్ ట్రక్కు ఆగింది. అందులోని మనిషి అట్టముక్క చదవనే లేదు. తిండి ఎన్నింటికని అడిగి, ఇంటికెళ్లి మడతకుర్చీలు, భార్య, ఐసుపెట్టె నిండా బీరు తెచ్చుకున్నాడు. ఇంకొకాయన పొగబెట్టిన మాంసం ట్రే పట్టుకొచ్చాడు. పాటలు పెట్టారు. పిల్లలు గడ్డి తొక్కారు.

ధనమ్మకు ఒళ్లు మండింది. "ధర్నాకు బీరు తెచ్చిండ్రు. వీళ్లకు సిగ్గున్నదా? నినాదమియ్యమని చెప్పు అల్లుడా."

"వాళ్లకిది పార్టీ అత్తయ్యా. ఈ ఊళ్లో వాకిట్లో వండితే పార్టీయే."

"పార్టీ గాదు, పోరాటమని చెప్పు."

అనుదీప్ గొంతు సవరించుకుని ఏదో చెప్పాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"ఏం జెప్పినవ్?"

"మా అత్తయ్య మిమ్మల్ని చూసి సంతోషించారని."

గంటె పైకి లేచింది. అనుదీప్ రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆరున్నరకు రాండల్ కూడా వచ్చాడు, ముక్కుకు చెప్పుకోలేక. ధనమ్మ పళ్లెం నింపి ఇచ్చింది. శత్రువుకైనా పెట్టాల్సిందే, వంటావార్పు ధర్మం అది. ఆయన రెండో ముద్దకే చెమటలు కక్కుతూ, కళ్లు తుడుచుకుంటూ మూడో ముద్ద తిన్నాడు.

పొద్దు వాలింది. దూరం నుంచి గోల మొదలైంది. చిలకల జంట ఇళ్లకప్పుల మీదుగా దూసుకొచ్చి, జనాన్ని చూసి ఒక చుట్టు తిరిగి, మోడు మీద వాలింది. ధనమ్మ చెయ్యెత్తింది. ఎవరో పాట ఆపేశారు. తల్లి తొర్ర అంచుకు దిగి పిలిచింది.

తొర్రలోంచి ఒక తల బయటికొచ్చింది. నుదుటి మీద ఎరుపు ఇంకా సన్నగీతే. దాన్ని తోసుకుంటూ రెండోది. తల్లి ముక్కులో ముక్కు పెట్టి తాగినట్టుగా మేత తీసుకున్నాయి. వీధి వీధంతా నోరు తెరుచుకుని నిలబడింది. పికప్ మనిషి టోపీ తీసేశాడు.

"ఇవేం తింటాయి?" అని ఆయన భార్య మెల్లగా అడిగింది.

"అనాకువ పండ్లు," అంది ఎల్మా. "ఇక్కడి చెట్టే. ఈ వీధిలో ఒక్కటీ మిగల్లేదు."

ధనమ్మ పొయ్యి దగ్గర నుంచి ముందుకొచ్చింది. "అల్లుడా, ఇప్పుడు చెప్పు. ఉన్నదున్నట్టు చెప్పు. మీరు గడ్డి పెంచుతున్నరు. దాన్ని మీరు తినరు, చిలక తినదు. పక్షికి పండు లేదు, పండుకునే జాగ లేదు. ఉన్న ఒక్క ఇల్లు రేపు కూలగొడుతున్నరు. ఈ కొట్టుడు ఎవలకు వద్దో చెయ్యి లేపుండ్రి."

అనుదీప్ భార్య వైపు చూశాడు, తొర్ర వైపు చూశాడు. ఈసారి ఒక్క ముక్కకూ తీపి పుయ్యకుండా చెప్పాడు. చెప్పి, మొదటి చెయ్యి తనే లేపాడు.

తర్వాత లేచిన చేతులు సగం కాదు, వచ్చినవాళ్లందరివీ. రాండల్ ఇంటింటికీ లెక్క చూసి, సగం ఇళ్లు దాటాయని, ఇక తప్పదని, కోడి ఎముక ఉన్న చెయ్యే పైకెత్తాడు.

సోమవారం పొద్దున రంపం వాళ్లు వచ్చేసరికి మోడుకు ఆనుకుని కుర్చీలో ధనమ్మ ఉంది. మాట మీద నమ్మకం వేరు, కాపలా వేరు. కానీ ఆమె లేవక ముందే రాండల్ చెప్పులు టపటపలాడించుకుంటూ వచ్చి వాళ్ల రంపం ఆపించాడు. తర్వాత ఇంటివాళ్ల దగ్గర వసూలు చేద్దామని కూలి ముందే ఇచ్చేశానే అని తల గోక్కున్నాడు.

"గుంతలు తవ్వమను," అంది ధనమ్మ.

ఎల్మా పెరట్లో అనాకువ మొక్కలు డబ్బాల్లో ఏళ్ల తరబడి పడున్నాయి. అడిగినవాడు లేడు. ఆ పొద్దున అవన్నీ వీధిలోకి వచ్చాయి. చెట్టు కొట్టడానికి వచ్చిన చేతులే ఇంటింటి గడ్డినీ చీల్చి గుంతలు తవ్వాయి. మొదటి గుంత రాండల్ వాకిట్లోనే.

"ఎండకాలం. రోజూ నీళ్లు పొయ్యకపోతె మళ్ల పొయ్యి పెడతనని చెప్పు," అంది ధనమ్మ.

అనుదీప్ చెప్పాడు. నీళ్లు పోయకుండా ఉంటే కూర దొరుకుతుందన్నమాట అని వాళ్లు సంబరపడ్డారు.

ఆ నెల దాటకముందే ఒక పొద్దున రెండు పిల్లలూ తొర్ర అంచు నుంచి దూకాయి. ఒకటి తిన్నగా ఎగిరింది. రెండోది తడబడి రాండల్ గారి కప్పు మీద పడి, లేచి, కాలనీ మొత్తం నిద్రలేచేలా అరిచింది. కంప్లైంట్ ఒక్కటీ రాలేదు.