అక్క పెళ్లి కేకు

పొయ్యి వెలిగించకుండానే వెన్న కరుగుతోంది.

గిన్నె అంచున పచ్చటి మెరుపు... మెల్లగా జారి... బల్ల మీద చిన్న మడుగు.

కిటికీ అవతల ఎండ నిప్పులు చెరుగుతోంది. వీధిలో పిట్ట కూడా లేదు.

చెల్లెలు మోచేత్తో నుదురు తుడుచుకుంది. చేతులు ఖాళీ లేవు మరి. కుడిచేతిలో క్రీము సంచి. ఎడమచేతిలో చిన్న రేకు ముక్క, దాని మీద సగం విచ్చిన క్రీము గులాబీ.

రెక్క పెడుతోంది. వాలిపోతోంది.

ఇంకో రెక్క... అదీ వాలిపోతోంది.

సాయంత్రం ఐదింటికి పెళ్లి.

అక్క పెళ్లి.

యాభై ఆరేళ్ల అక్క పెళ్లి!

అమ్మా నాన్నా పోయాక ఒకరికి ఒకరై మిగిలిన వాళ్లు. ఈ గదిలోనే ముప్ఫై ఏళ్లు పెళ్లి కేకులు చేశారు. కేకు అడుగున మెత్తటి స్పాంజి చెల్లెలిది. పైన క్రీము పూలు అక్కవి.

"ఊరందరికీ పెళ్లి చేసి, మనం పిండి దులుపుకుని పడుకుంటాం" అని అక్క నవ్వేది. చెల్లెలూ నవ్వేది. ఆ నవ్వు వెనక ఏముందో... ఏనాడూ తొంగిచూడలేదు.

ఎండలు ముదిరితే అక్కదే రాజ్యం.

క్రీము ఎవరి మాటా వినని రోజులు. అక్క పళ్లెం నిండా ఐసు పోసుకుని రెండు చేతులూ ముంచేది. వేళ్లు ఎర్రబడేదాకా... మొద్దుబారేదాకా. అప్పుడు సంచి పట్టేది. ఇక ఆ వేళ్ల కింద ఏ రెక్కా వాలేది కాదు.

ఆ ఐసు తెచ్చేది ఐసు బండాయన. గోనెపట్టా కప్పి, కరిగేలోపు అందించాలని పరుగున వచ్చేవాడు. ఇరవై ఏళ్ల కిందట, మొదట్లో, వేసవిలోనే వచ్చేవాడు.

తర్వాత వానల్లోనూ వచ్చాడు.

తర్వాత చలిలోనూ వచ్చాడు.

"చలికాలంలో మనకి ఐసెందుకక్కా?"

"ఉండనీవే. పాపం, అంత దూరం మోసుకొచ్చాడు."

అంత దూరం! ఆయన ఉండేది పక్క సందులో.

అంతా కళ్లెదుటే జరిగింది. ఓవెన్‌లో స్పాంజి వెంట్రుకవాసి పొంగినా కనిపెట్టే చెల్లెలికి, ఇది మాత్రం కనబడలేదు.

పోయిన నెల అక్క చెప్పింది. పిండి జల్లిస్తూ, తలెత్తకుండా చెప్పింది. "ఆయన అడిగాడే... నేను ఊ అన్నాను."

సముద్రం ఒడ్డున ఆయన అన్నగారి ఇల్లు ఖాళీగా ఉందట. చల్లటి గాలట. పెళ్లయిన మర్నాడు పొద్దున్నే ప్రయాణమట.

"మంచిదక్కా" అంది చెల్లెలు.

ఆ పూట స్పాంజి మాడిపోయింది. ముప్ఫై ఏళ్లలో మొదటిసారి.

ఇప్పుడు తొమ్మిదో గులాబీ కూడా కుంగిపోయింది. సంచి పడేసి, చెల్లెలు ఆ పిండి బల్ల మీదే తల వాల్చింది. చెమటేదో కన్నీళ్లేవో తెలియని ఏడుపు...

తలుపు చప్పుడైంది.

పెళ్లి బట్టల్లో అక్క!

"ఇక్కడికెందుకొచ్చావక్కా? అక్కడ అందరూ నీకోసం చూస్తుంటే—"

"చూడనీ. ఇరవై ఏళ్లు ఆగిన మనిషి, ఇంకో గంట ఆగలేడా?"

అక్క చెల్లెలి ముఖం చూసింది. కొత్త బట్టల మీద పాత ఏప్రను కట్టుకుంది. మూలన గోనెపట్టా కింద ఉన్న ఐసు తీసి పళ్లెంలో పోసింది.

తన చేతులు ముంచలేదు.

చెల్లెలి చేతులు పట్టి ముంచింది.

"అబ్బా! వేళ్లు ఊడిపోతున్నాయక్కా!"

"ఊడవులే. పది లెక్కపెట్టు."

పది అయింది. ఇరవై అయింది. ఇద్దరిలో ఎవరూ చెయ్యి వదల్లేదు.

"నాకు రాదక్కా... పూలు నీవే."

"నాకు మాత్రం పుట్టగానే వచ్చాయా? పట్టు సంచి."

ఒక రెక్క నిలబడింది. రెండోదీ నిలబడింది. మూడోది...

"వంకరగా వచ్చింది."

"రానీ. చెట్టున పూసేవన్నీ తిన్నగా పూస్తున్నాయా ఏంటి?"

ఒక్కొక్కటే కేకు మూడంతస్తులూ నిండాయి, ఆఖరి పువ్వొక్కటి తప్ప. వంకర గులాబీలు, బొద్దు గులాబీలు, తల ఎగరేసిన గులాబీ ఒకటి. అక్క వెనక్కి జరిగి చూసింది. ఏప్రను ముడి విప్పుకుంటూ, ముప్ఫై ఏళ్ల అలవాటున అడిగింది.

"రేపటి ఆర్డరేంటే?"

అడిగి... తనే ఆగిపోయింది.

చెల్లెలు తలెత్తలేదు. ఆఖరి పువ్వుకి ఆఖరి రెక్క పెడుతోంది.

కిటికీలో ఎండ. రెక్క అంచున సన్నటి మెరుపు...

జారుతుందో, నిలుస్తుందో.