మోకాలి కింద నల్లదారం

వచ్చే శుక్రవారం సాయంత్రం ఆఫీసు వాళ్ళతో సూర్యలంక వెళ్తున్నానని మా లోహిత్ చెప్పాడు. ఒడ్డున నిలబడి సముద్రంలో గాలం వేస్తారట. ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. వాడికి ఈత రాదు. మేం హఫీజ్‌పేటలో కాపురం పెట్టాక వాడు చూసిన నీళ్ళన్నీ బకెట్లోవే.

"పొద్దస్తమానం కంప్యూటర్ ముందు కూర్చుంటున్నాడు, వెళ్ళనీవే" అన్నారు మా ఆయన, పేపరు దించకుండానే. ఆయనకేం, అనేస్తారు. అలలు లాక్కుపోయేది పేపర్లో వాళ్ళ పిల్లల్నే అనుకుంటారు.

వద్దంటే వాడు వినడు. అందుకని గాలాలు కొనడానికి నేనూ వస్తానని బయలుదేరాను.

మాదాపూర్‌లో వాడి ఆఫీసుకి ఇవతల, దుర్గం చెరువుకి వెళ్ళే దారిలో మొగిలి కొట్టు ఉంది. చెరువులో చేపలు పట్టేవాళ్ళకి కావలసినవన్నీ అమ్ముతాడు. గుమ్మంలో ఒక విసురు వల వేలాడుతోంది. తడిమట్టి పోసిన డబ్బాలో వానపాములు కదులుతున్నాయి. చూస్తేనే ఒళ్ళు జలదరించింది.

"జర మంచి గాలం ఇస్త సారూ. ఎర గిది పెట్టు, చేప నిన్ను ఎతుక్కుంట వస్తది" అన్నాడు మొగిలి.

"సముద్రంలోకండీ. దానికి రొయ్య పెట్టాలి" అన్నాను.

"రొయ్యలు అక్కడే కొంటాంలే అమ్మా" అన్నాడు లోహిత్, గొంతు తగ్గించి. నేను మాట్లాడితే వాడికి నామోషీ.

మొగిలి చిన్న గాలాలు, సన్నటి తంగూసు దారం, బఠాణీ గింజంత సీసపు గుండ్లు కాగితంలో పొట్లం కట్టాడు. నాకు లోలోపల సంతోషమేసింది. ఇంత సన్న దారానికి పెద్ద చేప పడదు. పడినా దారమే తెగుతుంది, వాడిని లాక్కుపోదు.

కొట్టు మెట్టు దిగాక కాళ్ళు ఆగిపోయాయి.

మా పుట్టిల్లు బందరు దగ్గర. ఒడ్డున గాలం వేసేవాళ్ళని చూస్తూ పెరిగాను. గుండు తేలికైతే అల దాన్ని నేల మీద నిలవనివ్వదు, తిప్పి ఒడ్డుకే తెచ్చి పడేస్తుంది. ఇంకాస్త లోపలికి విసరాలని మనిషి ఇంకో అడుగు వేస్తాడు. మోకాలు, తొడ, నడుము. మా వీధిలో ఒకాయన అలాగే వెళ్ళాడు. చెప్పులు మాత్రం ఒడ్డున ఉన్నాయి.

వెనక్కి వెళ్ళి, "ఆ వల అంచుకి కట్టే గుండ్లున్నాయా అండీ?" అని అడిగాను.

"వల కుడ్తవా ఏందమ్మా?"

"నాలుగు కలిపి గాలానికి కడతాను."

మొగిలి పెద్దగా నవ్వాడు. "గంత బరువా! మా చెర్వుల ఏస్తె చేప సచ్చుడు కాదు, బెదిరి ఊరిడిసి ఉర్కుతది."

"అమ్మా, చేపని పట్టడానికి వెళ్తున్నాం, కొట్టడానికి కాదు" అన్నాడు లోహిత్. అయినా కొన్నాను. అక్కడే బల్ల మీద నాలుగేసి గుండ్లు కలిపి, బందరు వాళ్ళు కట్టినట్టే ముడి వేశాను. వచ్చేటప్పుడు నల్లదారం కూడా కొన్నాను.

శుక్రవారం వాడు బయలుదేరబోతుంటే కాలు పట్టుకుని మోకాలి కింద దారం కట్టాను.

"దిష్టికా?"

"దిష్టికీ, నీళ్ళకీ. నీళ్ళు ఈ దారం దాటకూడదు. దాటితే వెనక్కి వచ్చెయ్యి. నా మీద ఒట్టు."

"ఆఫీసులో చూస్తే నవ్వుతారే" అంటూ ప్యాంటు కిందికి లాక్కున్నాడు గానీ దారం తెంపలేదు.

ఆ రెండు రోజులూ ఎదురింట్లో ఫోను మోగినా మాదేనేమోనని పరుగెత్తాను. సోమవారం పొద్దున్న వచ్చాడు, ఎండకి కమిలిన మొహంతో, నవ్వుతూ. ఒక్క చేపా పడలేదట.

"మోకాలు దాటావా?"

"దాటలేదమ్మా, ఒట్టు" అని స్నానానికి వెళ్ళాడు.

ఉతకడానికి పెరట్లో సంచీ విప్పాను. నేను కట్టిన గుండ్లు కట్టినట్టే ఉన్నాయి. ఇసుక కూడా అంటలేదు. బఠాణీ గింజల్లాంటివి మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ప్యాంటు అట్టలా ఎండిపోయి ఉంది. దులిపి వెలుతురులో పట్టుకున్నాను. జేబుల పైన, బెల్టు పెట్టుకునే చోట, చుట్టూ తెల్లటి ఉప్పు గీత.

దాన్ని పట్టుకుని అక్కడే కూర్చున్నాను. తల తుడుచుకుంటూ వచ్చి వాడూ చూశాడు. "ఒక్కసారేనమ్మా. అల గుండుని వెనక్కి తోసేస్తుంటే..." అన్నాడు.

తిట్టాలనుకున్నాను. ప్యాంటు నీళ్ళలో ముంచాను.

"మళ్ళీ ఎప్పుడు వెళ్తారు?"

"వచ్చే నెల అంటున్నారు. వద్దంటావా?"

"నేనూ వస్తాను."

"ఆఫీసు వాళ్ళతోనా? అమ్మా!"

"ఒడ్డున కూర్చుంటాను. ఎవరితోనూ మాట్లాడను. గుండు మాత్రం నేనే కడతాను."