వదినగారి పాత నీళ్ళు

మెదడులో కాపలా కాసే కణాలు కొన్ని ఉంటాయి. ఏ గొడవా లేనప్పుడు సన్నటి కొమ్మలు చాచి చుట్టుపక్కల తడుముతూ ఉంటాయి. ఏదైనా తేడా తగిలిందా, కొమ్మలు ముడుచుకుని, ఉండల్లా ఉబ్బి, దొరికినదాన్ని మింగేస్తాయి. వాటిని మెదడు బయట, గాజు డిష్‌లో, ప్రశాంతంగా బతికించడం నా పని. మూడు డిష్‌లు చచ్చాయి. నాలుగోది కూడా పోతే ఈ పనే మూసేస్తానన్నాడు మా ల్యాబ్ హెడ్.

వాటికి నేనేం తక్కువ చేశాను? ఇరుగుపొరుగు కణాల పీడ లేకుండా ఏరి వేరుచేశాను. బలమైన ఆహారం పోశాను. వేళకు తిండి, పలకరించేవాళ్ళు లేని గది. నాకైతే అదే స్వర్గం. అందుకేగా అన్నయ్య ఇంట్లోంచి ఒంటిగదికి మారిపోయాను! అవి మాత్రం ఉబ్బిపోయి, ఒకదాన్నొకటి మింగి, చచ్చి ఊరుకున్నాయి.

పక్క బల్ల మా వదినది. ఆమె పెంచేది సరిగ్గా నేను ఏరి పారేసిన ఆ పొరుగు కణాలనే. ఇల్లు మారినప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు, అంటే నా వైపు నుంచి. ఆమె వైపు నుంచి రోజూ ఒకటే మాట: "తిన్నావా?"

ఆ రోజు మైక్రోస్కోప్‌లో చూస్తే నాలుగో డిష్ కూడా ఉబ్బడం మొదలుపెట్టింది. తల తిప్పితే, వదిన తన డిష్‌లోని పాత ద్రవాన్ని పారబోయబోతోంది. అప్పుడు తట్టింది. పొరుగు కణాలు విడిచిందంతా ఆ ద్రవంలోనే ఉంటుంది. నా కణాలకు అందనిది అదే.

"వదినా, పారబోయకండి!"

ఆమె చెయ్యి గాల్లోనే ఆగింది. "అమ్మయ్య, మునిగారు నోరు విప్పారు! ఏం కావాలి నాయనా?"

"ఆ పాత నీళ్ళు."

"వేడివేడిగా వండిపెడితే వద్దని వెళ్ళావు. ఇప్పుడు కడుగునీళ్ళు కావలసొచ్చాయా?"

"నాక్కాదు. నా కణాలకి."

"పోనీలే, వాటికైనా బుద్ధుంది." వడగట్టి ఇచ్చింది.

నా బలమైన ఆహారం తీసేసి అది పోశాను. వారాంతానికి ఉబ్బు తగ్గింది. ఒక్కొక్కటే, భయం భయంగా, కొమ్మలు చాచాయి. హెడ్ చూసి చాలాసేపు కళ్ళు తీయలేదు.

"పని కొనసాగించు. ఇంతకీ ఏం పోశావు?"

"మా వదినగారు పారబోసేది."

పక్క బల్ల దగ్గర కిసుక్కున నవ్వు వినిపించింది. ఆ వెంటనే అలవాటైన ప్రశ్న: "తిన్నావా?"

ఎప్పటిలాగే లోపల ఏదో ముడుచుకోబోయి, ఎందుకో ఆగింది. "ఇంకా లేదు వదినా."

"అయితే సాయంత్రం ఇంటికి రా. నిన్నటి కూరే ఉంది. నీకు పాతవే పడతాయిగా!"