ముడి వేయని వాక్యం

మోటారు వేడెక్కిందేమోనని సిపాయి అరచెయ్యి ఆనించి చూశాడు. వేడెక్కలేదు. అయినా మనసాగక మళ్ళీ చూశాడు. పట్టాళం నుంచి వచ్చాక ఈ పంపుహౌసులో చేరాడు. ట్యాంకుకు నీళ్ళెక్కించడం, వాల్వు తిప్పడం, మధ్యలో ఇనుప స్టూలు మీద కూర్చుని ఒళ్ళో అట్ట పెట్టుకుని రాయడం, అదీ ఆయన దినచర్య. మూడు పుస్తకాలు అచ్చయినా వీధిలో వాళ్ళకు ఆయనింకా సిపాయే.

నాలుగోది ఒళ్ళో ఉంది. ఒక్క వాక్యం మిగిలింది. ఆ వాక్యమంటే ఆయనకు చచ్చేంత భయం.

సరిహద్దు శిబిరంలో చదువురాని జవాన్లకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. రాతగాడయింది అక్కడే. అక్కడొక నమ్మకం ఉండేది. ఉత్తరంలో చివరి వాక్యం సగంలో ఆపి కాపలాకు వెళ్ళాలి, తిరిగొచ్చాక పూర్తి చేయించుకోవాలి. చెప్పాల్సిన మాట మిగిలి ఉన్నవాణ్ణి చావు ముట్టుకోదట. వంటవాడు మాత్రం నవ్వాడు.

“మొత్తం రాసెయ్ రాతగాడా. సగం మాట చూస్తే మా అమ్మ కంగారు పడుతుంది.”

రాసేశాడు. వంటవాడు నీళ్ళకని వాగు దాకా వెళ్ళి మళ్ళీ రాలేదు. అందులో తన తప్పేమీ లేదని సిపాయికి తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

అందుకే మూడు పుస్తకాలకూ చివరి వాక్యం రాసింది భార్య. ఆయన కథను ఒడ్డుదాకా తెచ్చి, కలం అక్కడ పెట్టి, చెప్పులేసుకుని వీధిలోకి పోయేవాడు. ఆవిడ కుట్టుమిషను ఆపి, ఓ వాక్యం రాసి పడేసి, మళ్ళీ మిషను తొక్కుకునేది. చదివినవాళ్ళంతా ఆ ముగింపులనే మెచ్చుకున్నారు. “పేరేమో మీకు, మెప్పేమో నాకు” అని ఆవిడ ఎకసెక్కం చేసేది.

ఈసారి పుస్తకం ఆవిడ గురించే. పైగా ఆవిడ మంచం పట్టింది. గుండె ఎక్కువ కాలం లాగదని డాక్టరు తేల్చేశాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వెళ్ళేసరికి ఆవిడ దిండ్లకు ఆనుకుని, ఆయన తెల్లచొక్కాకు గుండీలు కుడుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి.

“పుస్తకం వచ్చిన రోజు ఇదే వేసుకోవాలి మీరు. అయిందా?”

“ఒక్క వాక్యం ఉంది. నువ్వే రాసిపెట్టకూడదూ?”

“చోద్యం! నా కథకి ముగింపు నేనే రాసుకోనా?” నవ్వబోయి దగ్గింది. “కుట్టు ఎంత బాగా వేసినా చివర ముడి వెయ్యకపోతే ఊడిపోతుందండీ. నా ముడి నేను వేస్తున్నా. మీది మీరు వెయ్యండి. నాకు వినాలనుంది.”

“సాయంత్రం చదువుతా.”

“సిపాయి మాటేనా?”

“సిపాయి మాటే.”

పంపుహౌసుకు తిరిగొచ్చి కలం తీశాడు. వాక్యం మనసులో ఎప్పుడో సిద్ధమైంది. ‘ఆమె కుట్టిన బట్టలు వీధంతా తొడుక్కుంది, ఆమె ఇచ్చిన ధైర్యం నేనొక్కణ్ణే’ అని రాశాడు. ఇంక ఒక్క మాట. ఇది రాస్తే ఆవిడ కూడా అయిపోతుందనిపించింది. మోటారు హోరులో వంటవాడి నవ్వు వినిపించినట్టయింది. కలం మూత పెట్టేశాడు. హమ్మయ్య, ఇంకొక్క రోజు గడిచినట్టే. ఇంటికెళ్ళి ఏదో ఒకటి బొంకొచ్చు. బతికుంటే కోప్పడుతుంది, అంతేగా!

సాయంత్రం వాకిట్లో పక్కింటావిడ నిలబడి ఉంది.

“మంచినీళ్ళడిగింది అన్నయ్యా. తెచ్చేలోపే పోయింది. మీరొచ్చారా, మీరొచ్చారా అని మధ్యాహ్నం నుంచీ ఒకటే అడగడం.”

సిపాయి మంచం పక్కన కూర్చున్నాడు. కాగితాలు తీసి ఆ వాక్యాన్ని మొదటి నుంచీ చదివాడు. సగంలో ఆపిన చోట “తొడుక్కున్నాను” అని పూర్తి చేశాడు. వినాల్సిన మనిషి వినలేదు. వాక్యం సగంలో ఉన్నా పోయేవాళ్ళు పోతారని ఆయనకు ఇప్పుడు తెలిసింది.

కుర్చీ వీపు మీద తెల్లచొక్కా వేలాడుతోంది. గుండీలన్నీ కుట్టి ఉన్నాయి, ఆఖరి గుండీ వెనక చిన్న ముడి, దాని పక్కన పంటితో తెంపిన దారపు కొస.